కాలి కింది కాంతి: నడవదగిన సౌరఫలకాల రూపకల్పన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
సౌరవిద్యుత్తు చరిత్రను సాధారణంగా సౌరఘటాల సామర్థ్యం, వాటి ధర, ఉత్పత్తి అయిన విద్యుత్తు అనే మూడు కొలతలతో వివరిస్తారు. మనుషులు నడిచే నేలలో పొదిగిన సౌరఫలకాల విషయంలో ఈ మూడు కొలతలు చాలవు. అక్కడ ఒకే గాజు ఉపరితలం రెండు విరుద్ధమైన పనులు చేయాలి. కాంతిని అడ్డులేకుండా లోపలికి పంపాలి. పాదాన్ని జారకుండా నిలపాలి. ఈ విరోధం సౌరఘటం కంటే పాతది. 19వ శతాబ్దంలో ఓడల డెక్కులలోను, నగరాల కాలిబాటలలోను గాజును పొదిగిన నిర్మాతలు దీన్ని ఎదుర్కొన్నారు. ఆ పూర్వరంగం మొదలుకొని 2013 తరువాత అమెరికా, నెదర్లాండ్స్, ఫ్రాన్స్, చైనా, స్పెయిన్ దేశాలలో జరిగిన ప్రయోగాల వరకు ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాదాన్ని ప్రధాన ప్రమాణంగా తీసుకున్న చిన్న ప్రయత్నాలు నిలదొక్కుకున్నాయని, విద్యుదుత్పత్తిని ప్రధాన ప్రమాణంగా తీసుకున్న పెద్ద ప్రయత్నాలు కుంటుపడ్డాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సౌరఫలకం, కాలిబాట, గాజు, జారుడు, హయత్, క్రొమ్మెనీ, టూరూవ్ర్, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం:

‘సౌరఫలకం’ అనే సమాసంలోని ‘ఫలకం’ సంస్కృతశబ్దం. ‘పలక’ అనే తెలుగుమాట దానికి దగ్గరి బంధువు. తెలుగువారి వాడుకలో పలకకు ముఖ్యంగా రెండు పనులున్నాయి. బడిపిల్లల చేతిలో అది రాతకు ఆధారం. ఇంటి నేలలో అది నడకకు ఆధారం. తాండూరు, బేతంచెర్ల ప్రాంతాల నాపరాతి పలకలు తెలుగునాట ఎన్నో ఇళ్ళకు నేలలయ్యాయి. సౌరఫలకానికి మాత్రం ఈ రెండవ పని మొదటినుండీ నిషిద్ధం. ఇంటి కప్పుమీద ఫలకాలు బిగించే పనివారు నేర్చుకునే తొలిపాఠాలలో ఒకటి, వాటిపై కాలు పెట్టకూడదన్నది.

ఈ నిషేధాన్ని తొలగించాలన్న ఆలోచన 21వ శతాబ్దపు రెండవ దశకంలో అనేక దేశాలలో ఒకేసారి బలపడింది. నగరాలలో కప్పుల విస్తీర్ణం పరిమితం. కాలిబాటలు, కూడళ్ళు, ఉద్యానవనాల బాటలు ఎండలో ఖాళీగా పడి ఉంటాయి. ఆ నేలనే విద్యుత్కేంద్రంగా మార్చవచ్చునన్న వాదం పాలకులను, పత్రికలను, ప్రజలను ఆకర్షించింది. కొన్ని చోట్ల ప్రజాధనం పెద్దమొత్తంలో ఖర్చయింది. వాటిలో కొన్ని ప్రయోగాలు రెండు మూడేళ్ళలోనే శిథిలమయ్యాయి.

విషయ స్పష్టతకోసం ఇక్కడ మూడు రకాల ఫలకాలను వేరుచేసి చూడాలి. మొదటిది, మరమ్మతుకు వచ్చినవారు అరుదుగా అడుగుపెట్టినా దెబ్బతినని ఫలకం. రెండవది, ప్రజలు నిత్యం నడిచే నేలగా రూపొందిన ఫలకం. మూడవది, వాహనాలు తిరిగే రహదారిలో పరచిన ఫలకం. రెండవ రకమే ఈ వ్యాసానికి ముఖ్యవిషయం. అయితే మూడవ రకం చరిత్ర రెండవదాని భవితవ్యాన్ని ప్రభావితం చేసింది కాబట్టి దానినీ అవసరమైనంత మేరకు పరిశీలించవలసి ఉంది.

2. పూర్వరంగం – నేలలో పొదిగిన గాజు:

2.1 ఓడ డెక్కు నుండి కాలిబాటకు:
నడిచే ఉపరితలం గుండా సూర్యరశ్మిని వినియోగించుకోవాలన్న కోరిక మొదట విద్యుత్తుకోసం కాదు, వెలుతురు కోసం పుట్టింది. కొయ్య ఓడల అడుగుభాగంలో దీపం వెలిగించడం అగ్నిప్రమాదానికి దారితీసేది. లండన్‌కు చెందిన గాజు తయారీదారు ఆప్‌స్లీ పెలాట్ ఓడల లోపలి భాగాలకు వెలుతురు చేర్చే గాజు అమరికకు 1807లో పేటెంటు పొందాడు. తరువాతి కాలంలో డెక్కు పట్టకాలు వాడుకలోకి వచ్చాయి. 1841 నాటి అమెరికన్ తిమింగల వేట ఓడ చార్లెస్ డబ్ల్యు. మోర్గన్‌లోని పట్టకాలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. వీటి పైభాగం చదునుగా, డెక్కుతో సమానమైన ఎత్తులో ఉంటుంది. కిందిభాగం కోణాలు తీరి వేలాడుతూ కాంతిని గది అంతటా చెదరగొడుతుంది. పైభాగం పాదానికి, కిందిభాగం కాంతికి అన్న విభజన ఈ చిన్న వస్తువులోనే కనిపిస్తుంది.

2.2 థాడియస్ హయత్ పరిష్కారం:
19వ శతాబ్దపు న్యూయార్క్‌లో వ్యాపార భవనాల నేలమాళిగలు కాలిబాటల కిందికి విస్తరించాయి. వాటికి వెలుతురు కాలిబాట గుండానే రావాలి. ఎడ్వర్డ్ రాక్‌వెల్ 1834లో ఇనుప మూతలో ఒకే పెద్ద గాజు కటకాన్ని అమర్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పెద్ద గాజుముక్క పగిలితే మూత మొత్తం పనికిరాదు. గాజుమీద అడుగుపడితే జారుతుంది. థాడియస్ హయత్ 1845లో పొందిన పేటెంటు ఈ లోపాన్ని మరో దారిలో పరిష్కరించింది. అతడు ఒక పెద్ద కటకానికి బదులు అనేక చిన్న కటకాలను ఇనుప పలకలో పొదిగాడు. వాటి మధ్య ఇనుప బుడిపెలను గాజు కంటే కొద్దిగా ఎత్తుగా నిలిపాడు. చెప్పుల అడుగుభాగం, బండ్ల చక్రాలు మొదట ఆ బుడిపెలనే తాకుతాయి. గాజు అరిగిపోదు, పాదానికి పట్టు దొరుకుతుంది.

ఈ రూపకల్పనలోని తర్కం గమనార్హం. హయత్ కొంత కాంతిని ముందుగానే వదులుకున్నాడు. ఇనుము ఆక్రమించిన చోట వెలుతురు దిగదు. ఆ నష్టానికి ప్రతిఫలంగా నడిచేవారి భద్రతను, గాజు మన్నికను సంపాదించాడు. పైగా ఒక చిన్న కటకం పగిలితే దానిని మాత్రమే మార్చుకోవచ్చు. నష్టాన్ని చిన్న భాగాలకు పరిమితం చేయడం, పట్టును కాంతి కంటే ముందుంచడం అనే రెండు సూత్రాలు ఇక్కడే స్థిరపడ్డాయి.

హయత్ వ్యక్తిత్వం కూడా చరిత్రలో నిలిచినదే. ఈ గాజు మూతల వ్యాపారంతో సంపన్నుడైన అతడు బానిసత్వ నిర్మూలన ఉద్యమానికి అండగా నిలిచాడు. హార్పర్స్ ఫెర్రీ దాడిపై అమెరికా సెనేట్ సంఘం ముందు సాక్ష్యమివ్వడానికి నిరాకరించి 1860లో జైలుకు వెళ్ళాడు. ఇనుమును కాంక్రీటుతో కలిపి చేసిన ప్రయోగాల వివరాలను 1877లో ప్రచురించి, ఆధునిక ఆర్.సి.సి. నిర్మాణ పితామహులలో ఒకడుగా గుర్తింపు పొందాడు. గాజు నేలకు బలమైన ఆధారం వెదికిన వ్యక్తే కాంక్రీటు బలాన్నీ పరీక్షించడం కాకతాళీయం కాదని భావించవచ్చు.

2.3 వ్యాప్తి, క్షీణత:
లండన్‌లో హేవార్డ్ సోదరుల సంస్థ 1870ల నుండి పట్టక రూపంలోని కాలిబాట గాజులను విస్తృతంగా తయారుచేసింది. 1889 అగ్నిప్రమాదం తరువాత వీధుల ఎత్తును పెంచిన సియాటిల్ నగరంలో ఈ గాజులు నేటికీ కనిపిస్తాయి. వాటిలో చాలావరకు ఇప్పుడు ఊదారంగులో ఉన్నాయి. గాజును తెల్లగా చేయడానికి కలిపిన మాంగనీసు, దశాబ్దాల పాటు అతినీలలోహిత కిరణాలు సోకడంతో రంగు తిరగడమే దీనికి కారణం. నేలలోని గాజు ఎండలో మారకుండా ఉండదన్న సత్యానికి ఇది తొలి నిదర్శనం.

20వ శతాబ్దపు పూర్వార్ధంలో ఈ పరిశ్రమ క్షీణించింది. విద్యుద్దీపాలు చౌకైనాయి. భారీ వాహనాలు కాలిబాటల అంచులపై ఎక్కసాగాయి. ఇనుము తుప్పుపట్టి అతుకులగుండా నీరు కారింది. అనేకచోట్ల వాటిపై కాంక్రీటు పోసి కప్పివేశారు. విద్యుత్తు చౌకకావడంవల్ల అంతరించిన గాజు నేల, విద్యుత్తును ఉత్పత్తి చేయడంకోసం శతాబ్దం తరువాత తిరిగి రావడం ఈ చరిత్రలోని విశేషం.

3. సౌరఘటం – కప్పుకు కట్టుబడిన రూపం:

బెల్ ప్రయోగశాలలో డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ రూపొందించిన సిలికాన్ సౌరఘటాన్ని 1954 ఏప్రిల్ 25న ప్రదర్శించారు. దాని సామర్థ్యం సుమారు 6 శాతం. 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహం సౌరఘటాలతో కక్ష్యలోకి వెళ్ళింది. అంతరిక్షంలో సౌరఘటంపై నడిచేవారెవరూ లేరు. భూమిపైకి వచ్చిన తరువాత కూడా దాని స్థానం కప్పులు, ఖాళీ మైదానాలే. కనుక ఫలకం నిర్మాణం గాలికి, వానకు, మంచుకు, వడగళ్ళకు తట్టుకునేలా రూపొందింది. పాదం ఆ జాబితాలో లేదు.

ఈ లోపాన్ని అంకెలలో చూడవచ్చు. సాధారణ ఫలకాల మన్నికను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఇ.సి. 61215 ప్రకారం ఫలకం కనీసం 2,400 పాస్కల్‌ల ఒత్తిడిని భరించాలి. మంచు ఎక్కువగా కురిసే ప్రాంతాలకు 5,400 పాస్కల్‌ల పరీక్ష ఉంది. 1.6 చదరపు మీటర్ల ఫలకంపై 2,400 పాస్కల్‌లంటే దాదాపు 390 కిలోల బరువుతో సమానం. అంత బరువు మోయగల ఫలకం 70 కిలోల మనిషి కాలు పెడితే ఎందుకు దెబ్బతినాలి?

జవాబు బరువులో లేదు, అది పడే చోటులో ఉంది. పరీక్షలో బరువు ఫలకమంతటా సమానంగా పరచుకుంటుంది. నడిచే మనిషి బరువు ఒక్కొక్క క్షణంలో ఒక్క మడమమీద పడుతుంది. 70 కిలోల మనిషి మడమ 25 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకుతుందనుకుంటే అక్కడి ఒత్తిడి సుమారు 2,75,000 పాస్కల్‌లు. ఎత్తు మడమల చెప్పు మొన ఒక చదరపు సెంటీమీటరే అయితే అది దాదాపు 69 లక్షల పాస్కల్‌లకు చేరుతుంది. గాజు పగలకపోయినా కొద్దిగా వంగుతుంది. దానికి అతుక్కుని ఉన్న సిలికాన్ ఘటం మందం మిల్లీమీటరులో అయిదోవంతుకు మించదు. గాజుతోపాటు వంగినప్పుడు ఘటంలో సూక్ష్మ పగుళ్ళు ఏర్పడతాయి. ఇవి కంటికి కనిపించవు. నెలల తరువాత ఉత్పత్తి తగ్గినప్పుడు గాని బయటపడవు.

4. నడవదగిన నేలకు నాలుగు పరీక్షలు:

4.1 బరువు:
పగుళ్ళ సమస్యకు రూపకర్తలు రెండు దారులు అనుసరించారు. మొదటిది, గాజును మందం చేసి, దాని కింద వంగని ఆధారం కల్పించడం. రెండవది, ఘటాలను పలుచని రెసిన్ పొరలలో బంధించి ఇప్పటికే గట్టిగా ఉన్న నేలకు అతికించడం. గాజును ఎంచుకున్నచోట అది పగిలిన తరువాతి ప్రవర్తన కూడా ముఖ్యమే. టెంపర్డ్ గాజు ముక్కలై రాలిపోతుంది. లామినేటెడ్ గాజులో పొరల మధ్య ఉన్న జిగురు పదార్థం ముక్కలను పట్టి ఉంచుతుంది. నడిచే నేలకు రెండవ గుణం తప్పనిసరి. పగిలిన క్షణంలో దానిపై నిలిచిన మనిషి కిందికి జారిపోకూడదు, ముక్కలు కాలికి గుచ్చుకోకూడదు.

4.2 జారుడు:
నున్నని గాజు తడిసినప్పుడు అతి ప్రమాదకరమైన నేల అవుతుంది. నునుపు చేసిన గ్రానైటు మెట్లు వర్షంలో ఎంత జారతాయో తెలుగు పట్టణాలలో అందరికీ అనుభవమే. నేల పట్టును కొలవడానికి లోలకం వంటి పరికరాన్ని వాడతారు. రబ్బరు ముక్క తగిలించిన చేతిని నేలను రాస్తూ ఊగనిచ్చి, ఘర్షణవల్ల అది ఎంత వెనుకబడిందో చూస్తారు. బ్రిటన్‌లో అనుసరించే పద్ధతి ప్రకారం ఈ విలువ 36 లేదా అంతకు మించి ఉంటే జారే ప్రమాదం తక్కువని పరిగణిస్తారు.

ఈ పట్టు సాధించడానికి గాజును గరుకు చేయాలి, లేదా దానిపై రేణువులతో కూడిన పూత వేయాలి. గరుకుదనం తనంతట తాను కాంతిని ఎక్కువగా అడ్డుకోకపోవచ్చు. అసలు చిక్కు ఆ గరుకులో నిలిచే దుమ్ముతో వస్తుంది. వాలుగా ఉన్న కప్పుమీది ఫలకాన్ని వాన కడిగివేస్తుంది. చదునుగా పరచిన నేలమీద దుమ్ము, ఆకులు, బురద నిలిచిపోతాయి. తేమ నిలిచేచోట పాచి పడుతుంది. దానితో కాంతీ తగ్గుతుంది, పట్టూ తగ్గుతుంది. కాబట్టి నేలను ఊడ్చి, కడిగే ఏర్పాటును రూపకల్పనలో భాగంగానే చూడాలి.

4.3 వేడి:
సౌరఘటం కాంతిని పీల్చుకోవాలంటే నల్లగా ఉండాలి. కప్పుమీది ఫలకం కింద గాలి ఆడుతుంది. నేలలో పొదిగిన ఫలకానికి ఆ వీలు లేదు. స్ఫటిక సిలికాన్ ఘటాల ఉత్పత్తి 25 డిగ్రీల సెల్సియస్ పైన ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. ఉష్ణోగ్రత 65 డిగ్రీలకు చేరితే నష్టం దాదాపు 16 శాతం. ఉత్పత్తి నష్టం ఒక ఎత్తు, పాదానికి కలిగే బాధ మరొక ఎత్తు. ఐరోపా ప్రయోగాలలో నడిచేవారు చెప్పులు, బూట్లు ధరించినవారు. అక్కడ ఈ ప్రశ్న పెద్దగా తలెత్తలేదు. వట్టి కాళ్ళతో నడిచే స్థలాలలో ఇది మొదటి ప్రశ్న అవుతుంది.

4.4 నీరు, నీడ, విద్యుత్తు:
నేలలో నీరు చేరని అతుకు అరుదు. హయత్ కాలంలో కారిన నీరు నేలమాళిగను తడిపింది. సౌరనేలలో కారే నీరు విద్యుత్ సంధులను చేరుతుంది. అందుకే ఇటువంటి నేలలలో ప్రతి ఫలకానికి నీరు చొరని సంధులు, వీలైనంత తక్కువ వోల్టేజి అవసరం. నీడ మరొక సమస్య. ఘటాలను వరుసగా కలిపినప్పుడు నీడపడిన ఒక్క ఘటం మొత్తం వరుస ప్రవాహాన్ని తగ్గిస్తుంది, తాను వేడెక్కుతుంది. దీన్ని నివారించడానికి బైపాస్ డయోడ్లు వాడతారు. కప్పుమీద నీడ ఎప్పుడో పడుతుంది. నేలమీద ప్రతి బాటసారీ తన నీడను వెంట తెస్తాడు. జనం ఎక్కువగా నడిచే బాట సౌరనేలగా అంత తక్కువ ఫలితమిస్తుంది. ఉపయోగం పెరిగేకొద్దీ ఉత్పత్తి తగ్గడం ఈ వస్తువుకు సహజమైన విరోధం.

5. ప్రయోగాల దశాబ్దం:

5.1 వర్జీనియా (2013):
జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వర్జీనియా ప్రాంగణంలో 2013 అక్టోబరులో నడవదగిన సౌరబాట ప్రారంభమైంది. దాని విస్తీర్ణం సుమారు 100 చదరపు అడుగులు. స్పెయిన్‌కు చెందిన ఓనిక్స్ సోలార్ సంస్థ తయారుచేసిన, జారని ఉపరితలం గల 27 పాక్షిక పారదర్శక ఫలకాలను ఇందులో అమర్చారు. ఆ విద్యుత్తుతో బాట అడుగున అమర్చిన 450 ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతాయి. ఊరంతటికీ విద్యుత్తు ఇస్తామన్న వాగ్దానం ఇక్కడ లేదు. తన అడుగున వెలిగే దీపాలకు తానే శక్తినిచ్చే బాటగా దీన్ని రూపొందించారు.

5.2 క్రొమ్మెనీ (2014):
నెదర్లాండ్స్‌లోని క్రొమ్మెనీ పట్టణంలో 2014 నవంబరులో 70 మీటర్ల సైకిల్ బాటను ప్రారంభించారు. టి.ఎన్.ఒ. పరిశోధన సంస్థ, ఉత్తర హాలండ్ ప్రాంతీయ ప్రభుత్వం, నిర్మాణ సంస్థలు కలిసి దీన్ని చేపట్టాయి. 2.5 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల పొడవుగల కాంక్రీటు దిమ్మెలలో ఘటాలను అమర్చి, పైన సుమారు ఒక సెంటీమీటరు మందపు టెంపర్డ్ గాజును, దానిపై జారని పూతను వేశారు. సౌరఘటాలు బాటలో ఒక వైపుననే ఉన్నాయి. రెండవ వైపును వివిధ పూతల పరీక్షకు కేటాయించారు. పట్టు అనే అంశానికి పరిశోధనలో సగం స్థలం ఇవ్వడం ఈ ప్రయోగంలోని వివేకం.

తొలి శీతకాలంలోనే పూతలో కొంతభాగం గాజునుండి విడిపోయింది. ఉష్ణోగ్రత మార్పులతో గాజు, పూత వేరువేరు మోతాదులలో సంకోచించడం అందుకు కారణం. ఘటాలు, గాజు బాగానే ఉన్నాయి. విఫలమైనది పాదానికి, చక్రానికి పట్టునిచ్చే పలుచని పొర మాత్రమే. తొలి ఆరునెలలలో 3,000 యూనిట్లకు పైగా విద్యుత్తు ఉత్పత్తి అయింది. ఏడాదికి చదరపు మీటరుకు సుమారు 70 యూనిట్ల దిగుబడి ఉంటుందని నిర్వాహకులు లెక్కకట్టారు.

5.3 శాండ్‌పాయింట్ (2016):
అమెరికాలోని ఐడాహో రాష్ట్రంలో స్కాట్ బ్రూసా, జూలీ బ్రూసా దంపతులు షడ్భుజాకార గాజు ఫలకాలతో సౌరరహదారులను ప్రతిపాదించారు. 2009లో సమాఖ్య రహదారుల విభాగంనుండి లక్ష డాలర్ల పరిశోధన ఒప్పందం పొందారు. 2014లో ప్రజల విరాళాల ద్వారా 20 లక్షల డాలర్లకు పైగా సేకరించారు. దేశంలోని రహదారులన్నింటినీ మార్చగలమన్న కలకు తొలి బహిరంగ రూపం 2016లో శాండ్‌పాయింట్ పట్టణ కూడలిలో పరచిన 30 ఫలకాలు. వాటిపై నడిచేది పాదచారులే. అక్కడ కూడా ప్రారంభంలోనే అనేక ఫలకాలు పనిచేయక మార్చవలసి వచ్చింది.

5.4 టూరూవ్ర్ (2016):
ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతపు టూరూవ్ర్-ఓ-పెర్ష్ గ్రామంలో 2016 డిసెంబరు 22న పర్యావరణ మంత్రి సెగొలెన్ రొయాల్ ఒక కిలోమీటరు సౌరరహదారిని ప్రారంభించారు. కోలాస్ సంస్థ, ఫ్రాన్సు జాతీయ సౌరశక్తి సంస్థతో కలిసి రూపొందించిన వాట్‌వే ఫలకాలను 2,800 చదరపు మీటర్ల మేర అతికించారు. వ్యయం 50 లక్షల యూరోలు. అయిదేళ్ళలో వేయి కిలోమీటర్ల సౌరరహదారులు నిర్మిస్తామని అప్పటికే ప్రకటన వెలువడింది.

ఈ ఫలకాల మందం కొద్ది మిల్లీమీటర్లే. పట్టుకోసం పై పొర రెసిన్‌లో గాజు రేణువులు కలిపారు. ఆ గరుకుదనంవల్ల వాహనాలు వెళ్ళేటప్పుడు శబ్దం పెరిగి, వేగపరిమితిని 70 కిలోమీటర్లకు తగ్గించవలసి వచ్చింది. ట్రాక్టర్ల బరువుకు అతుకులు చిట్లాయి. శరదృతువులో రాలిన ఆకులు ఫలకాలను కప్పాయి. ఏడాదికి సుమారు 2,80,000 యూనిట్లు వస్తాయన్న అంచనాకు ప్రతిగా 2017లో వచ్చినవి దాదాపు 1,50,000 యూనిట్లు. 2018లో అవి సుమారు 78,000కు పడిపోయాయి. ఆ ఏడాదే దాదాపు 100 మీటర్ల భాగాన్ని తొలగించారు. 2019లో ఫ్రెంచి పత్రికలు ఈ ప్రయోగాన్ని వైఫల్యంగా నమోదు చేశాయి.

5.5 జినాన్ (2017):
చైనాలోని షాన్‌దాంగ్ రాష్ట్ర రాజధాని జినాన్‌లో 2017 డిసెంబరు 28న సుమారు ఒక కిలోమీటరు సౌరరహదారి ప్రారంభమైంది. పైన పారదర్శక పదార్థం, మధ్యలో ఘటాలు, అడుగున విద్యుత్ నిరోధక పొర అనే మూడంచెల నిర్మాణం దానిది. వారం తిరగకముందే ఒక ఫలకభాగాన్ని ఎవరో కోసి ఎత్తుకుపోయారు. నేలమీది విద్యుత్కేంద్రం అందరి కాళ్ళకే కాదు, అందరి చేతులకూ అందుబాటులో ఉంటుందని ఈ సంఘటన చాటింది.

6. చిన్న నేలల వైపు మళ్ళింపు:

పై ప్రయోగాలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. వర్జీనియా బాట తన దీపాలకు మాత్రమే విద్యుత్తునిచ్చింది. క్రొమ్మెనీ బాట తనను పరిశోధనగా పరిచయం చేసుకుంది. టూరూవ్ర్, శాండ్‌పాయింట్‌లు దేశవ్యాప్త రహదారుల వాగ్దానంతో మొదలయ్యాయి. వాగ్దానం పెరిగినకొద్దీ పాదం, చక్రం, వాన, ఆకు వంటి స్థానిక వాస్తవాలకు రూపకల్పనలో దక్కిన స్థానం తగ్గింది.

టూరూవ్ర్ తరువాత కోలాస్ సంస్థ తన దృష్టిని మార్చుకుంది. రహదారి పక్కని కెమెరాలు, విద్యుత్ సైకిళ్ళకు ఛార్జింగు వంటి అవసరాలకు సరిపడే కొద్ది చదరపు మీటర్ల అమరికలను రూపొందించింది. హంగరీకి చెందిన ప్లాటియో సంస్థ మరొక మార్గం పట్టింది. పునర్వినియోగ ప్లాస్టిక్ చట్రంలో ఘటాలను, గట్టి గాజును అమర్చి, నేల పలకలవలె ఒకదానికొకటి తగిలించే చిన్న ఫలకాలను తయారుచేసింది. బార్సిలోనా నగరపాలక సంస్థ 2021లో గ్లోరియస్ ప్రాంతపు ఉద్యానవనంలో ఇటువంటి 50 చదరపు మీటర్ల నేలను పరచింది. ఏడాదికి 7,560 యూనిట్లు వస్తాయని అంచనా.

చిన్నచిన్న భాగాలు, చెడిన భాగాన్ని విడిగా మార్చుకునే వీలు, గాజు చుట్టూ వేరే పదార్థపు చట్రం అనే ఈ మూడు లక్షణాలూ 1845 నాటి హయత్ పలకలో ఉన్నవే. ఇనుము స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది. నేలమాళిగ స్థానంలో సౌరఘటం వచ్చింది. ఈ కొత్త రూపకర్తలు హయత్‌ను అనుసరించారని చెప్పడానికి ఆధారం అవసరం లేదు. ఒకే సమస్య ఒకే పరిష్కారం వైపు నెట్టిందని గ్రహిస్తే చాలు.

7. తెలుగు ప్రాంతపు సందర్భం:

నడవదగిన సౌరఫలకాల చరిత్ర ప్రధానంగా ఐరోపా, అమెరికాలది. అయినా అదే ప్రశ్నకు తెలుగుప్రాంతంలో లభించిన రెండు జవాబులు పోలికకు ఉపకరిస్తాయి.

మొదటిది హైదరాబాదు. ఔటర్ రింగురోడ్డు వెంట నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు ప్రాంతాలను కలుపుతూ 23 కిలోమీటర్ల సైకిల్ బాట 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. దానిపై 16 మెగావాట్ల సామర్థ్యంగల సౌరఫలకాల కప్పు ఉంది. క్రొమ్మెనీలో ఫలకం సైకిలు కింద ఉంది. హైదరాబాదులో సైకిలుపైన ఉంది. ఈ మార్పుతో బరువు, జారుడు, బాటసారుల నీడ అనే మూడు సమస్యలు ఒక్కసారిగా తొలగిపోయాయి. సమస్యగా మిగలవలసిన ఎండ బాటసారికి నీడగా మారింది. దక్షిణ కొరియాలో డేజాన్, సేజాంగ్ నగరాల మధ్య రహదారి నడుమ నిర్మించిన సైకిల్ బాటది కూడా ఈ పద్ధతే. ఉక్కు స్తంభాల ఖర్చు ఇందులో అదనం. గాలికి, వడగళ్ళకు ఉద్దేశించిన సాధారణ ఫలకాలనే వాడుకోగలగడం దీనికి అనుకూలం.

రెండవది తిరుమల. వేసవిలో మాడవీధులలో చెప్పులు లేకుండా నడిచే భక్తుల పాదాలు కాలకుండా తిరుమల తిరుపతి దేవస్థానం నేలపై తెల్లని చలువ రంగు వేయిస్తుంది. ఎండను తిప్పికొట్టే తెల్లని నేల, ఎండను పీల్చుకునే నల్లని నేల పరస్పర విరుద్ధాలు. సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న హైదరాబాదులో ఫలకాన్ని వాల్చకుండా చదునుగా పరచినా కలిగే నష్టం నెదర్లాండ్స్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఆ లెక్కన తెలుగునేల సౌరబాటలకు అనువైనదిగా తోస్తుంది. కాని వేడిని, దుమ్మును, వట్టి పాదాన్ని లెక్కలోకి తీసుకుంటే ఫలితం తలకిందులవుతుంది. గుడి, బడి, ఆసుపత్రి ప్రాంగణాలలో ఇటువంటి నేలలను ఎవరైనా ప్రతిపాదిస్తే మొదట అడగవలసిన ప్రశ్న అది ఎన్ని యూనిట్లు ఇస్తుందన్నది కాదు. మే నెల మధ్యాహ్నం దానిపై వట్టికాళ్ళతో నిలవగలమా, జూలై వానలో ముసలివారు దానిపై జారకుండా నడవగలరా అన్నవే మొదటి ప్రశ్నలు.

8. ముగింపు:

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలను కిందివిధంగా క్రోడీకరించవచ్చు.

1. నడవదగిన సౌరఫలకం సమస్య సౌరఘటంతో పుట్టలేదు. గాజును నేలగా వాడిన 19వ శతాబ్దపు నిర్మాణాలలోనే కాంతికి, పాదానికి మధ్య విరోధం ఏర్పడింది.

2. సాధారణ ఫలకాలు గాలి, మంచు వంటి సమానంగా పరచుకునే ఒత్తిళ్ళకోసం రూపొందాయి. నడక ఒకే బిందువుపై పడే ఒత్తిడి. కప్పుమీది ఫలకాన్ని కొద్దిగా బలపరిచి నేలమీదికి దించడం సాధ్యం కాదు. దానిని నేలగానే మొదటినుండి ఆలోచించాలి.

3. క్రొమ్మెనీలో తొలుత దెబ్బతిన్నది పట్టునిచ్చే పూత. టూరూవ్ర్‌లో పట్టుకోసం కల్పించిన గరుకుదనమే శబ్దానికి కారణమైంది. విద్యుత్ భాగాలకంటే ఉపరితలమే ఈ రూపకల్పనలో కఠినమైన అంశం.

4. పరిమిత అవసరానికి, చిన్న విస్తీర్ణంలో, విడిగా మార్చుకోదగిన భాగాలతో చేసిన నేలలు నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ. ఇది హయత్ పేటెంటు నేర్పిన సూత్రానికి పునరావృత్తి.

5. వేడి, దుమ్ము, వట్టి పాదాల సంస్కృతి గల ప్రాంతాలలో బాటపై కప్పుగా ఫలకాలను నిలపడం నేలలో పొదగడంకంటే మేలైన మార్గం. హైదరాబాదు సైకిల్ బాట ఈ విషయాన్ని సూచిస్తున్నది.

సౌరనేలల జయాపజయాలను విద్యుత్ మీటరు అంకెలతోనే లెక్కించిన రచనలు ఈ చరిత్రలో సగాన్నే చూశాయి. ప్రజాధనంతో నేలను మార్చే ఏ ప్రణాళికలోనైనా ఉత్పత్తి అంచనాతోపాటు తడినేల పట్టు విలువ, వేసవి ఉపరితల ఉష్ణోగ్రత, చెడిన భాగాన్ని మార్చడానికి పట్టే కాలం, వ్యయం ముందుగానే ప్రకటించడం అవసరం. ఆ నాలుగు వివరాలు లేని ప్రతిపాదనను నేలగా పరిగణించడానికి వీలులేదని గత దశాబ్దపు అనుభవం తెలియజేస్తున్నది.